యుద్ధం పాఠాన్ని నల్లగొండ నుంచే మొదలుపెడదాం

(నల్లగొండలో సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, ఇంత ఎండలో బస్సులు మారి వచ్చిన సార్లకు, మేడమ్‌లకు నమస్కారం. దేవరకొండ, హుజూర్‌నగర్ వైపు నుంచే కాకుండా పాలమూరు జిల్లా నుంచి కూడా కొందరు వచ్చారని ఇప్పుడే చెప్పారు. చాలా సంతోషం.

ప్రపంచ యుద్ధాల చరిత్రను హైస్కూల్ పిల్లలకు ఎట్లా చెప్పాలన్నది నాకిచ్చిన విషయం. ఈ పాఠం మన బడుల్లో ఎట్లా నడుస్తుందో మనందరికీ తెలుసు. పరీక్షలు దగ్గరపడుతుంటాయి, సిలబస్ టెన్షన్ నెత్తి మీద ఉంటుంది. 1914 జూన్ 28న సరయెవోలో ఆస్ట్రియా యువరాజు హత్య జరిగిందని చెప్తాం. ఉగ్ర జాతీయవాదం, సామ్రాజ్యవాదం, రహస్య ఒప్పందాలు, సైనికవాదం అని బోర్డు మీద రాస్తాం. వెర్సయిల్స్ సంధి, హిట్లర్, అణుబాంబు, ఐక్యరాజ్యసమితి. పిల్లలు రాసుకుంటారు, బట్టీ పడతారు, మార్కులు కూడా తెచ్చుకుంటారు. ఇంటర్‌కు పోయాక ఆ పిల్లల్నే పిలిచి అడిగి చూడండి. హిట్లర్ పేరు గుర్తుంటుంది, హిరోషిమా మీద లేచిన పొగ గుర్తుంటుంది. మిగిలినదంతా ఎక్కడో విదేశాల్లో జరిగిన గొడవ. మనకు సంబంధం లేనిది.

ఆ 'సంబంధం లేనిది' అన్న భావం ఉన్నంతకాలం ఎన్ని తేదీలు చెప్పినా ఆ పాఠం చెప్పినట్టు కాదని నా గట్టి నమ్మకం. అందుకే మీ ముందు ఒక్క మాట పెట్టదలచుకున్నాను. యుద్ధం పాఠంలో ఏ ఘటన వచ్చినా పిల్లలతో రెండు ప్రశ్నలు అడిగించాలి. ఈ నిర్ణయం ఎవరు తీసుకున్నారు? దాని బరువు ఎవరి మీద పడింది? ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్నది ఆ తర్వాత. ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతకడానికి బెర్లిన్ దాకా పోనక్కర్లేదు. మన జిల్లాలోనే మొదలుపెట్టొచ్చు.

రెండో ప్రపంచ యుద్ధం తీసుకుందాం. 1939 సెప్టెంబర్ 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో భారతదేశం కూడా యుద్ధంలో ఉన్నట్టు ప్రకటించాడు. రాష్ట్రాల్లో ఎన్నికైన మంత్రివర్గాలను ఆయన అడగలేదు, జాతీయ నాయకులతో మాట్లాడలేదు. కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేసింది అందుకే. అది ఇంగ్లీషు పాలన కింద ఉన్న ప్రాంతం సంగతి. మనం నిజాం రాజ్యంలో ఉన్నాం. ఇక్కడ అడుగుదామన్నా ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వమే లేదు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇంగ్లీషు వారికి 'నమ్మకమైన మిత్రుడు'. మొదటి యుద్ధంలో చేసిన సాయానికి బిరుదుగా ఇచ్చిన మాట అది.

ఆయన ఇచ్చిన డబ్బు గురించి క్లాసులో చెప్తే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. ఆస్ట్రేలియా నౌకాదళంలో ఒక యుద్ధనౌక పేరు 'నిజాం'. మన నిజాం విరాళం ఇచ్చినందుకు పెట్టిన పేరు. 1941లో దళంలో చేరిన ఆ డిస్ట్రాయర్ మధ్యధరా సముద్రంలో పోరాడింది. 1945 సెప్టెంబర్ 2న జపాన్ లొంగుబాటు పత్రాల మీద సంతకాలు జరిగిన రోజున టోక్యో అఖాతంలో ఉన్న ఓడల్లో అదీ ఒకటి. బ్రిటిష్ వైమానిక దళంలో 152వ స్క్వాడ్రన్‌కు 'హైదరాబాద్' అన్న పేరు ఉండేది, దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉండేది. ఆ స్పిట్‌ఫైర్ విమానాలు 1940లో ఇంగ్లండ్ ఆకాశంలో, తర్వాత బర్మా యుద్ధంలో ఎగిరాయి.

ఇక్కడ ఆగి ఆ రెండో ప్రశ్న అడిగించాలి. నిజాం డబ్బు అంటే ఎవరి డబ్బు? రాజ్యానికి ఆదాయం ఎక్కడి నుంచి వచ్చేది? భూమి శిస్తు, ఆబ్కారీ అంటే కల్లు సారా మీద పన్ను, కరోడ్‌గిరి అంటే సరుకుల మీద సుంకం. నిజాం సొంత భూములైన సర్ఫేఖాస్ నుంచి వచ్చింది కూడా ఆ భూముల్లో చెమటోడ్చిన రైతు కట్టిందే. అంటే టోక్యో అఖాతంలో నిలబడ్డ ఆ ఓడలో తెలంగాణ రైతు కష్టం కొంత ఉంది. ఇది చెప్పినప్పుడు మీ క్లాసులో పిల్లల ముఖాలు చూడండి. వెనక బెంచీ వాళ్లు కూడా ముందుకు వంగుతారు.

ఓడ దూరం విషయం అనుకుంటే లెవీ దగ్గరి విషయం. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతిలో పడింది. అంతకుముందు ఏటా పది లక్షల టన్నులకు పైగా బియ్యం బర్మా నుంచి మన దేశానికి వచ్చేది. అది ఒక్కసారిగా ఆగిపోయింది. ఒకవైపు సైన్యానికి తిండి కావాలి, మరోవైపు పట్టణాల్లో రేషన్ నడపాలి. నిజాం ప్రభుత్వం రైతుల దగ్గర లెవీ ధాన్యం వసూలు చేసింది. పండినదాంట్లో ఇంత అని సర్కారు కట్టిన ధరకు కొలవాలి. ఆ ధర బజారు ధర కన్నా తక్కువ. ఎవరి దగ్గర ఎంత తీసుకోవాలో ఊళ్లో చూసేది ఎవరు? పటేలు, పట్వారీ, వాళ్ల వెనక దేశ్‌ముఖు. పెద్ద భూస్వాముల పాతర్లు కదలలేదు. రెండెకరాలు, మూడెకరాలు ఉన్నవాళ్లు మాత్రం తిండిగింజలు కూడా కొలిచి, మళ్లీ అదే ధాన్యాన్ని నాగుకు, అంటే వడ్డీ గింజలు కలిపి తీర్చే అప్పుకు, తెచ్చుకోవాల్సి వచ్చింది.

అప్పటి నల్లగొండ జిల్లాలో జనగామ తాలూకా కలిసి ఉండేది. విసునూరు, పాలకుర్తి, కడవెండి అప్పుడు మన జిల్లా ఊళ్లే. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ తర్వాత ఊళ్లల్లో 'సంఘం' అని పిలిచిన ఆ మహాసభ ఊరూరికీ పాకింది. వెట్టి, రైతులను భూముల నుంచి వెళ్లగొట్టే బేదఖళ్లు, లెవీ అన్నీ దాని ముందుకొచ్చాయి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తూటాకు బలయ్యాడు. చాకలి ఐలమ్మ పంట కాపాడుకున్న కథ పిల్లలకు ముందే తెలుసు. వాళ్లకు తెలియనిది ఈ మధ్యలో ఉన్న లంకె. తెలంగాణ సాయుధ పోరాటం ఒక పాఠంలో ఉంటుంది, రెండో ప్రపంచ యుద్ధం ఇంకో పాఠంలో ఉంటుంది. ఈ రెండూ ఒకే గింజ చుట్టూ తిరిగాయని మనం చెప్తే తప్ప ఎవరూ చెప్పరు.

ఒక జాగ్రత్త. యుద్ధం వల్లే సాయుధ పోరాటం వచ్చిందని పిల్లలతో రాయించకండి. వెట్టి యుద్ధానికి చాలా ముందు నుంచీ ఉంది. భూములు లాక్కోవడమూ అంతే. అప్పటికే మోస్తున్న బరువు మీద యుద్ధం మరో బస్తా వేసింది. అంతవరకే అనాలి. కారణం వేరు, ఉన్న కష్టాన్ని ముదిరించింది వేరు. ఆ తేడా పదో తరగతి పిల్లలకు అర్థమవుతుంది. అర్థం కాదని మనమే ముందుగా అనుకుంటాం.

ఇళ్లల్లో ఏమైనా పాత వస్తువులుంటే తెమ్మని నేను మా పిల్లలకు చెప్తుంటాను. ఒకసారి ఒకమ్మాయి వాళ్ల నాయనమ్మ ట్రంకు పెట్టెలోంచి ఒక నాణెం తెచ్చింది. నల్లబడిన కంచు నాణెం, మధ్యలో గుండ్రటి చిల్లు. ఆ చిల్లులో నల్ల దారం పోగు ఇంకా చిక్కుకుని ఉంది, ఎవరో పసివాడి మొలతాడుకు కట్టిన గుర్తు. చుట్టూ ఉర్దూ అక్షరాలు. క్లాసులో ఉర్దూ చదవడం వచ్చిన అబ్బాయి ఒకడున్నాడు, వాడిని పిలిచాను. కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురుకు పట్టి, కొంచెంసేపు అటూ ఇటూ తిప్పి, హిజ్రీ 1363 అని చదివాడు. లెక్క కట్టి చూస్తే 1944. నిజాం ప్రభుత్వం రెండు పైల నాణెం. సరిగ్గా ఆ కాలంలోనే, 1943 నుంచి, ఇంగ్లీషు ఇండియాలో కూడా చిల్లు కానీ వచ్చింది.

"సార్, చిల్లు ఎందుకు పెట్టారు?" అని అడిగారు. నేను జవాబు చెప్పలేదు. చిల్లు లేకపోతే ఏమవుతుందని అడిగాను. "బరువు ఎక్కువుంటది సార్" అన్నాడొకడు. ఆ బరువు ఏ లోహం? రాగి. రాగి ఎక్కడ కావాల్సి వచ్చింది? కరెంటు తీగలు అన్నారు, మోటారు వైండింగ్ అన్నారు. బోరు మోటార్లు కాలిపోవడం చూసి పెరిగిన పిల్లలకు రాగి విలువ మనం చెప్పక్కర్లేదు. చివరికి ఉర్దూ చదివిన ఆ అబ్బాయే తూటా అన్నాడు. తూటా తొడుగు ఇత్తడి, ఇత్తడిలో ఎక్కువ భాగం రాగి. తూటాలకు, ఫిరంగి గుళ్లకు, ఓడల తీగలకు రాగి పోతుంటే చేతి డబ్బుకు చిల్లు పడింది. 1940లోనే ఇంగ్లీషు రూపాయిలో వెండిని సగానికి దించారు. యుద్ధం జేబులోకి ఎట్లా వస్తుందో ఆ రోజు నేను ఉపన్యాసం ఇవ్వకుండానే పిల్లలు పట్టుకున్నారు. ఆ నాణెం ఒక్కటే ఉంది. క్లాసంతా చేతులు మారి, చివరికి జాగ్రత్తగా కాగితంలో చుట్టి ఆ అమ్మాయి బ్యాగులోకి పోయింది.

చనిపోయినవారి సంఖ్యల గురించి చెప్పాలి. ఈ పాఠంలో పెద్ద పెద్ద అంకెలు వస్తాయి. లక్షలు, కోట్లు. పిల్లలకు అవి నోటితో పలికే సున్నాలు మాత్రమే. మేము గ్రౌండులో ముగ్గుపిండితో గీస్తాం. లక్ష మందికి ఒక అడుగు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా మృతులు సుమారు 4 లక్షలు, నాలుగడుగుల గీత. బ్రిటన్‌వి నాలుగున్నర లక్షలు, నాలుగున్నర అడుగులు. ఈ రెండు గీతలూ పిల్లలు నిలబడ్డచోటే అయిపోతాయి. బ్రిటిష్ ఇండియా సైన్యంలో పనిచేసి చనిపోయినవారు దాదాపు 87 వేలు, అడుగు కూడా లేదు. తర్వాత 1943 నాటి బెంగాల్ కరువు. 30 లక్షల మంది. ముప్పై అడుగులు.

ఇక్కడ ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. బ్రిటన్, అమెరికా రెండింటి మృతులను కలిపినా దానికి మూడు రెట్ల కన్నా ఎక్కువ మంది ఒక్క బెంగాల్‌లో ఆకలితో చనిపోతే, యుద్ధ మృతుల పట్టికలో వాళ్లెందుకు కనపడరు? తుపాకీతో చస్తేనే యుద్ధమా? కరువుకు బర్మా బియ్యం ఆగడం ఒక కారణం. 1942 అక్టోబర్ తుఫాను ఇంకో కారణం. జపాన్ వాళ్లు వస్తే దొరక్కూడదని తీరప్రాంతాల్లో పడవలను స్వాధీనం చేసుకున్నారు, ధాన్యం నిల్వలను తరలించారు. చేపలు పట్టేవాడి బతుకు, ధాన్యం మోసేవాడి బతుకు ఆ పడవలతోనే పోయాయి. ధాన్యం పంపమని అడిగితే ఓడలు లేవని లండన్ యుద్ధ మంత్రివర్గం పదే పదే వెనక్కి కొట్టింది. నిర్ణయం ఎవరిది, బరువు ఎవరిది? ఆ ప్రశ్న ఇక్కడ అందరికన్నా ముందు పిల్లలే అడుగుతారు.

గీతలు ఇంకా ఉన్నాయి. నాజీలు చంపిన యూదులు 60 లక్షలు, అరవై అడుగులు. చైనా మృతులు కోటిన్నరకు తక్కువ కాదు. సోవియట్ యూనియన్ సుమారు 2 కోట్ల 70 లక్షలు. ఆ గీత గీస్తూ పోతే మా బడి గేటు దాటి రోడ్డు మీదికి పోయింది. ముగ్గుపిండి అయిపోయి పక్కింటి వాళ్లను అడిగి తెచ్చుకున్నాం. హిరోషిమాకు 1945 చివరినాటికి చనిపోయినవారు లక్షా 40 వేలు, ఒకటిన్నర అడుగుకు తక్కువే. ఇక్కడ మాత్రం టీచర్ కల్పించుకోవాలి. గీత చిన్నదని దుఃఖం చిన్నది కాదు. మిగతావన్నీ నెలలు, ఏళ్లు పట్టిన చావులు. ఇది ఒక్క బాంబు, ఒక్క ఉదయం. పొడవు ఒక కొలత మాత్రమేనని చెప్పాలి.

ఇప్పుడు హిట్లర్ దగ్గరికి వస్తాను. దీని మీద నాకు నిజంగా బాధ ఉంది, అందుకే కొంచెం ఎక్కువసేపు తీసుకుంటాను.

మన పిల్లల్లో హిట్లర్‌ను మెచ్చుకునేవాళ్లు తక్కువేం కాదు. వాట్సాప్ స్టేటస్‌లో ఆయన ఫొటో కింద ఆయన అనని మాటలు పెడతారు. ఇళ్లల్లో కూడా క్రమశిక్షణ అంటే హిట్లర్ లాంటివాడు రావాలని పెద్దలు అనడం వాళ్లు వింటారు. పిల్లలను తిట్టి లాభం లేదు. వాళ్లకు దొరికిన కథ అది. పేదవాడు, సైనికుడు, ఓడిపోయిన దేశాన్ని లేపినవాడు. ఆ కథను మనం వివరాలతో విప్పాలి.

ఎట్లా విప్పాలి? ఆయన చెడ్డవాడు అని మొదలుపెడితే పిల్లలు మూసుకుపోతారు. ఎట్లా గద్దెనెక్కాడో చెప్పండి. 1932లో జర్మనీలో దాదాపు 60 లక్షల మందికి పని లేదు. ఆ ఏడాది జూలై ఎన్నికల్లో నాజీ పార్టీకి వచ్చిన ఓట్లు 37 శాతం. నవంబర్‌లో మళ్లీ ఎన్నికలొస్తే 33 శాతానికి తగ్గాయి. స్వేచ్ఛగా జరిగిన ఏ ఎన్నికల్లోనూ సగం మంది జర్మన్లు ఆయనకు ఓటెయ్యలేదు. 1933 జనవరి 30న ఛాన్సలర్ పదవిలో కూర్చోబెట్టింది తమ చెప్పుచేతల్లో పెట్టుకోవచ్చని లెక్కేసుకున్న పెద్దమనుషులు. ఫిబ్రవరిలో పార్లమెంటు భవనం తగలబడింది, పౌరహక్కులు రద్దయ్యాయి. మార్చిలో చట్టాలు చేసే అధికారం మొత్తం ఆయన చేతికి పోయింది. కమ్యూనిస్టు సభ్యులను ముందే జైళ్లలో పెట్టారు, తరిమారు. సభలో ఎదురు ఓటేసింది సోషల్ డెమోక్రాట్లు 94 మంది మాత్రమే. రెండు నెలలు కూడా పట్టలేదు. పౌరశాస్త్రంలో ప్రాథమిక హక్కులు ఎందుకు చెప్తున్నామో పిల్లలకు ఈ రెండు నెలల కథ కన్నా బాగా ఏదీ చెప్పదు.

తర్వాత మన సంగతి, అంటే టీచర్ల సంగతి. జర్మనీలో ఉపాధ్యాయుల్లో అత్యధికులు నాజీ ఉపాధ్యాయ సంఘంలో చేరారు. లెక్కల పుస్తకంలో ఎలాంటి లెక్కలిచ్చారో చూడండి. ఒక మానసిక రోగిని పోషించడానికి ప్రభుత్వానికి రోజుకు ఇంత ఖర్చు, ఒక వికలాంగుడికి ఇంత ఖర్చు, అయితే ఆ డబ్బుతో కొత్తగా పెళ్లయిన ఎన్ని జంటలకు రుణం ఇవ్వొచ్చు? కూడికలు, గుణకారాల లెక్క. ఆ లెక్క చేసిన పిల్లలు పెద్దవాళ్లవుతున్న రోజుల్లోనే, 1940, 41లలో, 70 వేల మందికి పైగా రోగులను, వికలాంగులను విషవాయువుతో చంపారు. మన బడుల్లో ఐఈఆర్పీ మేడమ్‌లు ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పాఠాలు చెప్తున్నారు. మన క్లాసుల్లో వీల్ చెయిర్లో కూర్చున్న పిల్లలున్నారు. ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లు వంగిపోయిన తాతలున్న జిల్లా మనది. హిట్లర్ అంటే మగతనం అనుకునే పిల్లవాడికి ఈ లెక్క చూపించి, మీ తాత ఆ లెక్కలో ఎటువైపు వస్తాడురా అని నెమ్మదిగా అడగాలి. కోపంగా కాదు. నేను అడిగినప్పుడు జవాబు చెప్పినవాళ్లు లేరు, కానీ మర్నాడు స్టేటస్ మార్చినవాళ్లు ఉన్నారు.

ఆ వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది, సిద్ధంగా ఉండండి. "మరి నేతాజీ హిట్లర్‌ను కలిశాడు కదా సార్?" కలిశాడు, 1942 మే నెలలో. దాచాల్సింది ఏమీ లేదు. ఇంగ్లీషువాళ్లను వెళ్లగొట్టడానికి ఎవరి సాయమైనా తీసుకుంటానన్నది బోసు ఎంచుకున్న దారి. ఆ దారి మీద గాంధీకి, నెహ్రూకు, కమ్యూనిస్టులకు వేర్వేరు అభిప్రాయాలున్నాయి. సోవియట్ మీద హిట్లర్ దాడి చేశాక ఇది ప్రజాయుద్ధమని కమ్యూనిస్టులు అన్నారు, 1942 ఆగస్టులో కాంగ్రెస్ క్విట్ ఇండియా అంది. దేశాన్ని ప్రేమించినవాళ్లే మూడు దారుల్లో నిలబడ్డారు. పిల్లలకు ఆ మూడూ చెప్పి వాళ్లనే వాదించుకోనివ్వండి. హిట్లర్ మాత్రం మన స్వాతంత్ర్యం కోసం ఏనాడూ తపించలేదు. ఇంకొకరి కింద ఉండేకన్నా భారతదేశం ఇంగ్లీషువారి కిందే ఉండటం మేలని ఆయన తన పుస్తకంలోనే రాసుకున్నాడు. ఆ మాట చదివి వినిపిస్తే చాలా మబ్బులు విడిపోతాయి.

బోసుతో పాటు జర్మనీ నుంచి జలాంతర్గామిలో బయల్దేరిన ఏకైక భారతీయుడు మన హైదరాబాదీ ఆబిద్ హసన్ సఫ్రానీ. 1943లో ఆఫ్రికా చుట్టూ తిరిగి, నడిసముద్రంలో జపాన్ జలాంతర్గామిలోకి మారి ప్రయాణం చేశారు. 'జై హింద్' నినాదం ఇచ్చింది ఆయనే అంటారు. నిజాం డబ్బుతో స్పిట్‌ఫైర్లు ఇంగ్లీషువాళ్ల వైపు ఎగురుతుంటే, అదే నిజాం రాజ్యపు యువకుడు అవతలి వైపు సముద్రం అడుగున ఉన్నాడు. మలయాలో కోట భారు విమానాశ్రయానికి హైదరాబాద్ సంస్థాన సైనికులు కాపలా ఉన్నారు. 1941 డిసెంబర్ 8న, పెర్ల్ హార్బర్ మీద దాడికి సుమారు గంట ముందే, జపాన్ సేనలు దిగింది ఆ కోట భారు తీరంలోనే. పటం మీద ఈ మూడు చోట్లకూ హైదరాబాద్ నుంచి దారం కట్టించండి. మీ దగ్గర ప్రపంచ పటం చిరిగిపోయి ఉంటే గోడ మీద సుద్దతో గీసుకోండి, పనవుతుంది.

మొదటి ప్రపంచ యుద్ధానికి సమయం తక్కువ ఉంటుంది కాబట్టి రెండే చెప్తాను. ఢిల్లీలో తీన్‌మూర్తి చౌరస్తాలో ఉన్న మూడు విగ్రహాలు జోధ్‌పూర్, మైసూర్, హైదరాబాద్ లాన్సర్లవి. పాలస్తీనా, సూయజ్ ప్రాంతాల్లో పోరాడిన ఆశ్వికదళాలు. రెండోది 1918 ఇన్‌ఫ్లుయెంజా. యుద్ధం నుంచి తిరిగొచ్చే ఓడలతో బొంబాయి రేవులో దిగి, రైళ్ల వెంట దేశమంతా పాకింది. దేశంలో కోటి మందికి పైగా పోయారు. 1911లో సుమారు కోటీ 33 లక్షలున్న హైదరాబాద్ రాజ్య జనాభా 1921 లెక్కల్లో కోటీ 24 లక్షలకు తగ్గింది. ప్లేగు, కరువు కూడా అందులో ఉన్నాయి. కరోనా చూసిన పిల్లలు వీళ్లు. మీరు ఎక్కువ చెప్పనక్కర్లేదు.

సూర్యాపేట నుంచి వచ్చిన మిత్రులు ఒక ఇబ్బంది చెప్పారు. కల్నల్ సంతోష్‌బాబు ఊరది. 2020 జూన్ 15న గల్వాన్‌లో అమరుడైన ఆయన విగ్రహం ముందు నుంచి పిల్లలు రోజూ బడికి పోతారు. ఆర్మీలో చేరాలని పొద్దున్నే గ్రౌండులో పరుగెత్తే అన్నలు ప్రతి ఇంటా ఉన్నారు. అలాంటిచోట యుద్ధం చెడ్డదంటే సైనికుడిని చిన్నబుచ్చినట్టు కాదా అన్నది ప్రశ్న. కాదని నేననుకుంటున్నాను, ఆ సంగతి పిల్లలకు విడమర్చి చెప్పాలి కూడా. సైనికుడు నిర్ణయం తీసుకునేవాడు కాదు, దాన్ని మోసేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో మన దేశం నుంచి 25 లక్షల మంది సైన్యంలో ఉన్నారు. వాళ్లలో చాలామంది చేరింది కుటుంబానికి జీతం వస్తుందని. కరువు ప్రాంతం నుంచి బొంబాయికి పనికి పోయే పాలమూరు మనిషి కష్టం తెలిసినవాళ్లకు ఆ మాట వేరే చెప్పాలా? సైనికుడి ధైర్యాన్ని గౌరవిస్తూనే, ఆయన్ను అక్కడికి పంపిన నిర్ణయం సరైనదా అని అడగడం పౌరుడి పని. ఆ ప్రశ్న అడగడం నేర్పితే ఆ పిల్లవాడు రేపు సైనికుడైనా, అధికారైనా, ఓటరైనా అడుగుతూనే ఉంటాడు.

ఇక ఆచరణ. ఇవన్నీ చెప్తే సిలబస్ ఎట్లా అవుతుందని మీలో కొందరు మనసులో అనుకుంటున్నారని నాకు తెలుసు. యుద్ధాల పేర్లు, సేనాపతుల పేర్లు, ట్యాంకుల రకాలు తీసేయండి, పీరియడ్లు మిగులుతాయి. కారణాలు రాసే ప్రశ్నకు గింజ, నాణెం, ఓడ తెలిసిన పిల్లలు బట్టీ పట్టినవాళ్ల కన్నా మంచి జవాబు రాస్తారు, ఎందుకంటే వాళ్ల దగ్గర ఉదాహరణ ఉంటుంది. నాజీ శిబిరాల శవాల ఫొటోలు, వీడియోలు ఫోనులో పెట్టి చూపించకండి. పద్నాలుగేళ్ల పిల్లలు ఒకటి రెండు రోజులు అన్నం తినలేరు, లేదా నవ్వి తప్పించుకుంటారు, రెండూ మంచివి కావు. శిబిరాల్లో కుప్పపోసిన చెప్పుల ఫొటో ఒక్కటి చాలు. అందులో పసిపిల్లల చెప్పులు వాళ్లే గుర్తుపడతారు.

మిమ్మల్ని అడిగేది ఒకటుంది, దీనికి ఆలస్యం చేయొద్దు. లెవీ రోజులను కళ్లారా చూసినవాళ్లకు ఇప్పుడు తొంభై దాటింది. మీ ఊళ్లో అలాంటివాళ్లు ఒకరిద్దరు ఉండొచ్చు. పిల్లల్ని ఇద్దరిద్దరిని పంపండి, ఫోనులో రికార్డు చేయమనండి. లడాయి ఎట్లుండె తాతా అని అడిగితే రాజుల కథలు వస్తాయి. అట్లా కాకుండా, ఆ రోజుల్లో ఏం తినేవాళ్లు, బియ్యం ఎక్కడ తెచ్చుకునేవాళ్లు, గ్యాస్‌నూనె దొరికేదా, బట్ట ఏడాదికి ఎన్నిసార్లు కొన్నారు, ధాన్యం కొలిచేటప్పుడు ఎవరెవరు వచ్చేవాళ్లు అని అడగమనండి. మాట్లాడినవారి అనుమతి తీసుకోవాలి. ఊరు, తేదీ, ఎవరు అడిగారో రాసి పెట్టాలి. చెప్పినదాంట్లో విన్నదెంత, చూసిందెంత అన్నది పిల్లలే విడదీసి రాయాలి. వచ్చే సమావేశానికి ఒక్కో బడి నుంచి ఒక్క రికార్డింగ్ తెచ్చినా, మన జిల్లా పిల్లలకు ఈ పాఠం చెప్పడానికి ఏ పుస్తకంలోనూ లేనిది మన చేతిలో ఉంటుంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.